సూపర్ పవర్ కథలో వివక్ష రాయాలంటే ముందు ఆ నిప్పు ఆర్పేయండి

మూడేళ్ల కిందట నేనొక కథ రాశాను. ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక ఊరు, ఊరికి దూరంగా దళితుల పల్లె, ఆ పల్లెలో పద్నాలుగేళ్ల కుర్రాడు, వాడి అరచేతుల్లోంచి నిప్పు వస్తుంది. ఊరంతా వాణ్ని చూసి భయపడి వెలేస్తుంది, చివర్లో దొంగలు పడితే వాడే ఊరిని కాపాడతాడు, అందరూ వచ్చి చేతులు పట్టుకుని ఏడుస్తారు. రాసేసి మురిసిపోయి, నాతో పనిచేసే ఒక తమ్ముడికి పంపాను. వాడు పుట్టి పెరిగింది అలాంటి పల్లెలోనే.

రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు టీ దగ్గర మెల్లగా అన్నాడు: "కథ బావుందన్నా. కానీ పూరిళ్లున్న ఊళ్లో చేతుల్లోంచి నిప్పులొచ్చేవాడు తిరుగుతుంటే నేనైనా భయపడతాను కదా. ఊరోళ్ల తప్పేముంది అందులో?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. వాడు వినలేదు. "మమ్మల్ని చూసి ఎవరు భయపడ్డారన్నా? భయపడుంటే బాగానే ఉండేది. నీళ్లు పైనుంచి పోశారు. పనికి మాత్రం తెల్లారకముందే పిలిచారు."

ఆ కథని పక్కన పడేశాను గానీ ఆ మాటని పడెయ్యలేకపోయాను. ఇప్పుడు కథలు రాసేవాళ్లు, వెబ్ కామిక్స్ గీసేవాళ్లు, షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టులు పట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది ఇలాంటి సూపర్ పవర్ కథలే రాస్తున్నారు కాబట్టి, నేను బోర్లా పడ్డ చోట మీరు పడకుండా ఉండటానికి ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు పాతవాళ్లు ఏం చేశారో చూడండి

ఈ తరహా కథలకు తాత అమెరికావాళ్ల ఎక్స్-మెన్ కామిక్స్. మొదటి సంచిక 1963 సెప్టెంబర్ తేదీతో వచ్చింది. రచయిత స్టాన్ లీ, బొమ్మలేసే జాక్ కర్బీ కలిసి పుట్టించారు. ఇద్దరూ న్యూయార్క్ యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు, ఇద్దరూ అసలు పేర్లు మార్చుకుని పనిచేసినవాళ్లు (లీబర్ అనే ఇంటిపేరు లీ అయింది, కర్ట్స్‌బర్గ్ కాస్తా కర్బీ అయింది). అదే ఏడాది ఆగస్టు 28న నల్లజాతివాళ్ల హక్కుల కోసం వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది దాకా చేరారు, మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడాడు. పుట్టుకతోనే ఏదో ఒక పవర్‌తో వేరుగా ఉన్న పిల్లలు (వీళ్లనే మ్యూటెంట్లు అంటారు), వాళ్లని చూస్తే రాళ్లు తీసుకునే జనం, వాళ్లకి చోటిచ్చే ఒక బడి. ఆ సమయానికి సరిగ్గా అతికిన కథ అనిపిస్తుంది.

కానీ ఆ మొదటి జట్టు ఫొటో ఒకసారి చూడండి. ఐదుగురు పిల్లలూ తెల్లవాళ్లే. మాస్టారూ తెల్లాయనే. నల్లజాతి హక్కుల పోరాటం వీధుల్లో నడుస్తున్న ఏడాదిలో ఆ బాధ మాత్రం పుస్తకంలోకి వచ్చింది, ఆ బాధ పడుతున్నవాళ్లు రాలేదు. స్టార్మ్ అనే నల్లజాతి స్త్రీ జట్టులోకి రావడానికి 1975 దాకా పట్టింది. అంతకుముందు ఐదేళ్లపాటు ఆ పత్రిక పాత కథలే మళ్లీ అచ్చేసుకుంటూ బతికిందంటే, మొదట్లో అదేం పెద్ద హిట్ కూడా కాదు. మనం ఇవాళ చెప్పుకునే లోతు చాలావరకు 1975 తర్వాత పదహారేళ్లపాటు దాన్ని రాసిన క్రిస్ క్లేర్‌మాంట్ తెచ్చింది.

పవర్ ఎంచుకునేటప్పుడు

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఇక్కడే ఉంటాను.

ఆ మొదటి జట్టులో సైక్లాప్స్ అనే కుర్రాడి కళ్లలోంచి కిరణాలు వస్తాయి, కళ్లజోడు తీస్తే ఎదురుగా గోడ ఉండదు. అలాంటి పిల్లాడు మీ పిల్లల క్లాసులో కూర్చుంటే మీరు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తారా వెళ్లరా? వెళ్తారు. నేనూ వెళ్తాను. ఈ కథల పునాదిలోనే ఉన్న పగులు అది. మ్యూటెంట్ల వల్ల ప్రమాదం నిజంగానే ఉంటుంది. నిజజీవితంలో అణగదొక్కబడిన వాళ్ల దగ్గర అలాంటిదేమీ ఉండదు. వాళ్ల గురించి పుట్టించిన పుకార్లు ఉంటాయి. పుకారుని కథలో నిజం చేసేసి, ఆ తర్వాత "అయినా ద్వేషించకూడదు కదా" అంటే పాఠకుడు తల ఊపుతాడు గానీ లోపల ఊరివాళ్ల వైపే ఉంటాడు.

అందుకని నేను ఇప్పుడు రెండు పరీక్షలు పెట్టుకుంటున్నాను. ఒకటి, కథలోంచి ఆ పవర్ తీసేసి ఒక పేజీ చదవడం. పవర్ లేకపోయినా ఆ ఇంటివాళ్లు వాడికి అద్దెకి ఇల్లు ఇవ్వరా? ఆ పిల్ల తండ్రి అప్పుడూ అలాగే మాట్లాడతాడా? అవును అంటే మీరు వివక్ష రాస్తున్నారు. పవర్ తీసెయ్యగానే అందరూ మంచివాళ్లైపోతే మీరు రాసింది అగ్నిమాపక శాఖ వాళ్ల జాగ్రత్తల పాంప్లెట్.

రెండోది ఇంకా పనికొచ్చేది. రేపు పొద్దున్నే ఈ వివక్ష ఆగిపోతే ఎవరి జేబుకి చిల్లు పడుతుంది? దీనికి జవాబు మీ కథలో లేకపోతే విలన్ ఊరికే మీసం మెలేస్తుంటాడు. 1988లో క్లేర్‌మాంట్ ఈ ప్రశ్నకి గట్టి జవాబు రాశాడు. జెనోషా అని ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర ఒక దీవి, ఆస్పత్రులు, రోడ్లు, సంపద, చూడముచ్చటైన దేశం. ఆ సంపదంతా మ్యూటెంట్ల వెట్టి మీద నడుస్తుంటుంది. పిల్లలకి పరీక్ష చేసి, మ్యూటెంట్ అని తేలితే వాళ్లని మార్చేసి, పేరు తీసేసి నంబర్ ఇచ్చి, ఎవరి పవర్ ఏ పనికి పనికొస్తుందో ఆ పనిలో పెడతారు. అక్కడ మామూలు పౌరుడు భయంతో వణకడు. హాయిగా కాఫీ తాగుతుంటాడు. అప్పటికి దక్షిణాఫ్రికాలో అపార్థైడ్ (నల్లవాళ్లని చట్టం పెట్టి వేరుచేసిన పాలన) ఇంకా నడుస్తోంది, ఎవరి గురించి రాశాడో ఎవరూ చెప్పక్కర్లేదు. రోబోలు వచ్చి మ్యూటెంట్లని వేటాడే కథలకన్నా (అవి 1965 నుంచే ఉన్నాయి) నాకు ఈ కాఫీ తాగే పౌరుడే ఎక్కువ భయం పుట్టిస్తాడు.

సరే, నా కుర్రాడి సంగతి. నిప్పు తీసేశాను. ఇప్పుడు వాడి పవర్ ఏంటంటే, చెప్పులు లేకుండా నడిస్తే నేల కింద నీళ్లు ఎక్కడున్నాయో పాదాలకి తెలుస్తుంది. అటువైపు బోర్లు వేసి వేసి అప్పులపాలైన ఇళ్లు ఎన్నో మీకు చెప్పక్కర్లేదు. పాయింట్ చూడటానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని వచ్చేవాళ్లు, వేపపుల్ల పట్టుకుని తిరిగేవాళ్లు, ఎవరు చెప్పినా నాలుగిట్లో మూడు ఎండుబోర్లే. ఇప్పుడు ఆసామి కబురు పెడతాడు. వాడు వచ్చి చేనంతా నడిచి ఒకచోట ఆగుతాడు, అక్కడ రాయి పెడతారు. బోరు బండి రాత్రంతా మోగుతుంది. తెల్లవారుజామున మూడించుల నీళ్లు పడతాయి, జనం కేకలు వేస్తారు, పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొడతారు. రాత్రంతా అక్కడే చలిలో నిలబడ్డ కుర్రాడికి దాహం. ఆసామి భార్య చెంబుతో నీళ్లు తెచ్చి పైనుంచి పోస్తుంది. వాడు వంగి దోసిలి పడతాడు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనరు. ఆ నీళ్లు వాడు చూపించినవే.

ఫైటింగులు లేవు, గాల్లోకి ఎగరడం లేదు. కానీ ఇప్పుడు ఊరివాళ్ల వైపు నిలబడటానికి పాఠకుడికి సాకు దొరకదు. పవర్ ప్రమాదకరంగా ఉండాలనేం లేదు. అవతలివాడికి అవసరమయ్యేలా ఉంటే చాలు, మిగతాది వాడి ప్రవర్తనే చూసుకుంటుంది.

మీ మెటాఫర్ దేనికి సరిపోతుంది?

మ్యూటెంట్లు ఏ ఇంట్లోనైనా పుట్టొచ్చు. అమ్మానాన్నలు మామూలువాళ్లు, పిల్లాడికి పన్నెండు పదమూడేళ్లు వచ్చాక ఒకరోజు బయటపడుతుంది. కులం అలా ఉండదు. అమ్మది, నాన్నది, తాతది, వీధిది అన్నీ ఒకటే, బయట ఏం జరిగినా ఇంటికొస్తే అందరూ మనవాళ్లే. కాబట్టి యథాతథంగా ఎక్స్-మెన్ అచ్చు తీసుకొచ్చి కులం మీద దించితే అతకదు, నా మొదటి కథలో అతకనట్టే. ఆ అచ్చు సరిగ్గా సరిపోయేది గే, లెస్బియన్, ట్రాన్స్ పిల్లల బతుక్కి, కొంతవరకు వైకల్యం ఉన్నవాళ్లకి. ఎందుకంటే అక్కడ మొదటి వెలి సొంత ఇంట్లోనే మొదలవుతుంది. 2003లో వచ్చిన రెండో ఎక్స్-మెన్ సినిమాలో ఒక కుర్రాడు హాల్లో కూర్చుని ఇంట్లోవాళ్లకి తన సంగతి చెప్తాడు, వాళ్లమ్మ చాలా ప్రేమగానే, ఇలా ఉండకుండా ఉండటానికి ప్రయత్నించావా నాన్నా అన్నట్టు అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నలో ఏం జరుగుతోందో సినిమా చూస్తున్న అందరికీ అర్థమైపోయింది. ఆ కుర్రాడు ఐస్‌మ్యాన్. తమాషా ఏంటంటే కామిక్స్‌లో ఆ పాత్ర తాను గే అని చెప్పుకోవడం 2015లో గానీ జరగలేదు.

కులం మీదే రాయాలనుకుంటే పవర్‌ని వంశంలో పెట్టండి, వాడలో పెట్టండి, పనిలో పెట్టండి. దాచుకోగలిగేవాళ్లు, దాచుకోలేనివాళ్లు అనే తేడా మాత్రం ఎక్స్-మెన్ నుంచి తీసుకోవచ్చు, అది బంగారం. మామూలు అమ్మాయిలా కనిపించే జీన్ గ్రే రోడ్డు మీద నడిస్తే ఎవరికీ తెలియదు, నీలం ఒళ్లూ తోకా ఉన్న నైట్‌క్రాలర్‌కి ఆ వీల్లేదు. ముఖాలు మారిపోయిన మ్యూటెంట్లు 1983 నుంచి న్యూయార్క్ కింద సొరంగాల్లో మోర్లాక్స్ పేరుతో బతుకుతుంటే, పైన బంగళాలో అందమైన మ్యూటెంట్లు సమానత్వం గురించి మాట్లాడుకుంటారు. హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కుంటూ "మీదే ఊరు, ఇంటిపేరేంటి, మీరేమైనా మాంసం..." అనే మూడు ప్రశ్నలకి అబద్ధాలు తయారుగా పెట్టుకున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల మీద రాసేవాళ్లకి ఇంకో ముడి ఉంది. ఆఫీసులో రంగు వల్ల మైనారిటీ అయిన మనిషే వారాంతం పాట్‌లక్ విందులో కులం వల్ల దొర అవుతాడు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షని నిషేధించింది ఊరికే కాదు. పవర్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని లోకాన్ని రెండు ముక్కలు చేసే కథలో ఈ మనిషి పట్టడు. పట్టేలా రాయగలిగితే నాకు పంపండి, ముందు నేనే చదువుతాను.

రిజిస్టర్ సీను ఊహించక్కర్లేదు

ప్రతి మ్యూటెంట్ కథలోనూ ఒక చట్టం వస్తుంది, అందరూ పేర్లు నమోదు చేసుకోవాలని. కామిక్స్‌లో 1980ల నుంచీ నలుగుతున్న సంగతే. మనవాళ్లు దీన్ని రాసేటప్పుడు వెంటనే హోలోగ్రామ్ తెరలు, చిప్పులు, నల్లకోట్లు మొదలుపెడతారు. ఎందుకండీ అంత శ్రమ? బ్రిటిష్‌వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఫలానా కులంలో పుడితే చాలు, పుట్టుదొంగ. పేరు పుస్తకంలో ఎక్కాలి, వేలిముద్ర వేయాలి, హాజరు చెప్పుకోవాలి, పక్క ఊరు వెళ్లాలంటే చీటీ ఉండాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా ఎరుకలవాళ్లని తెచ్చి ఉంచిన సెటిల్మెంటే. చట్టం 1952లో పోయింది. మన సినిమాల్లో మాత్రం ఆ ఊరి పేరు ఇప్పటికీ దొంగకి మారుపేరు.

ఇంకొకటి. నిజాం కాలంలో 1919లో హిజ్రాల పేర్లూ ఇళ్లూ రిజిస్టర్‌లో రాసుకోవాలని, ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చని ఒక చట్టం చేశారు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. అంటే నూరేళ్లు పైనే పుస్తకాల్లో ఉంది. ఈ రెండు చట్టాల గురించి చదివి, ఒక గుమాస్తా సిరాబుడ్డి పెట్టుకుని "ఇంటిపేరు? ఒంటి మీద పుట్టుమచ్చలు?" అని ఆవులిస్తూ అడిగే సీను రాయండి. చిప్పుల కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

కోపం ఉన్నవాణ్ని విలన్ చేయకండి

చేయొచ్చు, కానీ సోమరితనంతో చేయకండి. మాగ్నెటో 1963లో మామూలు విలనే, లోకాన్ని ఏలాలనుకునేవాడు. 1964లో అతని ముఠా పేరు దుష్ట మ్యూటెంట్ల సోదరసంఘం. తనని తాను దుష్టుడని బోర్డు పెట్టుకునేవాడు ఎక్కడుంటాడు చెప్పండి. ఆ బడి మాస్టారు ప్రొఫెసర్ ఎక్స్ అంటే మార్టిన్ లూథర్ కింగ్, మాగ్నెటో అంటే రాజీపడని నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ అని అందరూ అనేస్తుంటారు గానీ ఆ తొలి సంచికల్లో అంత సీన్ లేదు. 1981లో క్లేర్‌మాంట్ ఆ పాత్రకి నాజీల ఆష్విట్జ్ మరణశిబిరంలో గడిచిన బాల్యం ఇచ్చాకే అతని కోపానికి బరువొచ్చింది. మళ్లీ రైళ్లలో ఎక్కించనివ్వను అనే మనిషికి నువ్వు తప్పు అని చెప్పడం తేలిక కాదు.

మనవాళ్ల స్క్రిప్టుల్లో నేను పదేపదే చూసేది, న్యాయమైన మాటలన్నీ ఒకడి చేత చెప్పించి, ఇంటర్వెల్ దాటగానే వాడి చేతే స్కూలు వ్యాను లోయలోకి తోయించడం. హమ్మయ్య, ఇక వాడి మాటలు పట్టించుకోనక్కర్లేదని ప్రేక్షకుడు పాప్‌కార్న్‌కి వెళ్తాడు. ఆ వ్యాను ఎందుకు తోయించారో మీకు మీరు నిజాయితీగా చెప్పుకోండి. కథకి అవసరమనా, వాడు గెలుస్తున్నాడన్న కంగారుతోనా?

అలాగే మంచివాడు ఊరిని కాపాడితే గానీ గౌరవం రాకపోవడం. నా మొదటి కథ ముగింపు అదే కదా. దొంగలు రాకపోయుంటే వాడు మనిషి కాడా?

నిజం మనుషుల్ని మెట్టుగా వాడొద్దు

1982లో వచ్చిన ఒక ఎక్స్-మెన్ గ్రాఫిక్ నవల మొదట్లోనే ఇద్దరు నల్లజాతి పిల్లల్ని మ్యూటెంట్లని చంపి బడి ఊయలకి వేలాడదీస్తారు. చాలా బలమైన పుస్తకం. అందులోనే కిట్టీ అనే తెల్ల మ్యూటెంట్ పిల్ల, మ్యూటెంట్లని తిట్టిన కుర్రాడి మీదకి వెళ్లి, సర్దిచెప్పబోయిన నల్లజాతి టీచర్ మొహానే నల్లవాళ్లని అవమానించే తిట్టు వాడి, దీన్నైతే ఊరుకుంటావా అని నిలదీస్తుంది. కల్పిత బాధని పైకెత్తడానికి ఎదురుగా ఉన్న అసలు మనిషి బాధ మీద కాలు పెట్టినట్టుంది నాకు. మీ కథలోకంలో కులం కూడా ఉంటే, పెద్దకులం ఇంట్లో పుట్టిన పవర్ పిల్లాడూ, మాదిగ ఇంట్లో పుట్టిన పవర్ పిల్లాడూ ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో రాయాల్సిందే. ఇద్దరూ "మనం మనం" అనుకుని హాయిగా కలిసిపోతే నేను నమ్మను.

2013లో హావక్ అనే పాత్ర, బంగారు జుట్టు అందగాడు, మైకు ముందు నిలబడి మమ్మల్ని ఆ మ్యూటెంట్ అనే మాటతో పిలవొద్దు, పేరుతో పిలవండి చాలు అంటాడు. పాఠకుల్లో చాలామందికి మండింది. "నేను కులం పట్టించుకోనండీ" అనే పెద్దమనిషిని చూస్తే మనలో కొందరికి ఎక్కడ మండుతుందో అక్కడే.

ఒక చిన్న పక్కదారి, ఆపుకోలేను. అమెరికాలో దిగుమతి సుంకం మనిషి రూపం బొమ్మలకి 12 శాతం, మనుషులు కాని జీవుల బొమ్మలకి 6.8 శాతం ఉండేది. ఎక్స్-మెన్ బొమ్మలు తెప్పించే కంపెనీ కోర్టుకెళ్లి, అయ్యా వీళ్లు మనుషులు కారు అని వాదించింది. 2003లో గెలిచింది కూడా. నలభై ఏళ్లుగా మేమూ మనుషులమే అని అరుస్తున్న పాత్రలు పాపం.

చివరిగా, ఎవరికి చూపించాలి

ఎవరి బతుకు తీసుకుని రాస్తున్నారో వాళ్లలో ఒకరికి చూపించండి. ఊరికే వాళ్ల టైమ్ తినకండి, పెద్ద స్క్రిప్ట్ అయితే ఎడిటర్‌కి ఇచ్చినట్టే డబ్బు ఇవ్వండి. "నీకేమైనా బాధ కలిగిందా" అని అడగొద్దు, మొహమాటానికి లేదంటారు. "ఎక్కడ నమ్మలేదు" అని అడగండి, పెన్ను తీసుకుంటారు.

బోరు కథ మళ్లీ ఆ తమ్ముడికే పంపాను. ఈసారి చెంబు సీను దగ్గర టిక్కు పెట్టాడు. దాని ముందు, కుర్రాడు చేలోకి రాగానే ఆసామి "దూరంగా నిలబడరా" అని గద్దించే లైను ఒకటి రాశాను, దాని కింద గీత గీశాడు.

"వాడలా అరవడన్నా. 'వీడు మనోడ్రా' అంటాడు, నవ్వుతానే అంటాడు. భుజం మీద చెయ్యేసినట్టే మాట్లాడతాడు. చెయ్యి మాత్రం వెయ్యడు."

గద్దింపు కొట్టేసి, ఆ చెయ్యి రాశాను.